రెండో గొంతు

ముందే చెప్తున్నాను, నా కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మ ఇప్పటికీ అంటుంది, "నీకు ముక్కుపుడక ఎందుకే, గక్కడ కోపం ఉండనే ఉన్నది కదా" అని. అలాంటి నన్ను డిగ్రీ చదివినన్నాళ్ళూ ఒకే గదిలో భరించిన పుణ్యాత్ములు ఇద్దరున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఎంత గట్టిగా పాడుకున్నా తలుపు కొట్టేవాళ్ళు లేరు. అదేం ఖర్మో, పాడాలనే అనిపించదు. పాట మాట ఎత్తితే నాకు వాళ్ళిద్దరే గుర్తొస్తారు. వాళ్ళ రుణం తీర్చడం నావల్ల కాదు గానీ, కనీసం ఉన్నదున్నట్టు రాసి పెడదామని కూర్చున్నాను.

మెదక్ బస్టాండు వెనక సందులో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్. మొదటి అంతస్తులో మూలగది మాది. మూడు మంచాలు, మూడు బకెట్లు, ఒక కిటికీ, ఒకే ఒక్క ప్లగ్గు. ఆ ప్లగ్గు కోసం మొదటి వారంలో మేం పెట్టుకున్న లొల్లి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ హాస్టల్లో ఎవరినీ పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరే. నేను నర్సాపూర్‌ని. కిటికీ పక్క మంచం టేక్మాల్‌ది. తలుపు పక్క మంచం అల్లాదుర్గ్‌ది. "టేక్మాల్ స్నానానికి పోయింది, అల్లాదుర్గ్ ఇంక లేవలే" అని మేం మాట్లాడుకుంటుంటే చుట్టాలెవరైనా వచ్చినప్పుడు బిత్తరపోయి చూసేవారు.

టేక్మాల్ రైతుబిడ్డ. సెలవులకు ఇంటికి పోతే అమ్మతో పాటు నాట్లకు దిగే పిల్ల. దాని చేతులు ఊరికే ఉండేవి కావు. పరీక్ష ప్యాడు దొరికితే ప్యాడు, బకెట్ దొరికితే బకెట్, ఏమీ దొరక్కపోతే నా వీపు. ఏ పాటకైనా దాని దగ్గర ఒక్కటే దరువు, తీన్మార్. జోలపాట పాడినా సరే, దాని చేతిలో పడితే బోనాల ఊరేగింపే.

అల్లాదుర్గ్ దీనికి పూర్తిగా తలకిందులు. మాట బయటికి రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. వాళ్ళ నాన్న బడిలో టీచరు. వాళ్ళ చిన్న చర్చిలో ఆదివారం పాటలన్నీ వాళ్ళమ్మే ఎత్తుకుంటుందని, ఆమె మొదలుపెడితేనే మిగతావాళ్ళు అందుకుంటారని ఒకసారి చెప్పింది. అంతకుమించి ఏం అడిగినా నవ్వి ఊరుకునేది.

ఇక నా సంగతి. బతుకమ్మ ఆడేటప్పుడు మా వాడలో పాట ఎత్తుకునేది నేనే. గొంతు పెద్దది. నేను పాడితే అవతలి సందులో పిల్లలు నిద్ర లేస్తారని మా నాన్న మెచ్చుకునేవాడో తిట్టేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి ఏడాది వానాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫోన్లలో ఛార్జింగ్ లేదు. టేక్మాల్ బకెట్ బోర్లించి దరువు మొదలుపెట్టింది. నేను మంచమెక్కి కూర్చుని ఒక సినిమా పాట అందుకున్నాను. పక్క గదుల పిల్లలు తలుపు దగ్గర మూగారు. నాకు ఇంకా హుషారొచ్చింది. అంతలో అల్లాదుర్గ్ కూడా మెల్లగా గొంతు కలిపింది.

కలిపింది అనకూడదు. నేను పైకి పోతే తను కింద ఉంటుంది. నేను కిందికి దిగితే తను ఇంకెటో పక్కకు జరుగుతుంది. మాటలు నావే, పాట మాత్రం నాది కాదు. రెండు చరణాలు ఓర్చుకున్నాను. అదే చాలా గొప్ప.

"ఏయ్ అల్లాదుర్గ్! నువ్వు ఏ పాట పాడుతున్నవే?"

"గదే పాట," అంది అమాయకంగా.

"గది కాదు. పాడితే నాతోటి పాడు. లేకుంటే సప్పుడు చెయ్యకు."

"నీతోటే పాడుతున్న కదా."

తలుపు దగ్గర పిల్లలు కిసుక్కున నవ్వారు. టేక్మాల్ దరువు ఆపకుండానే, "ఆడలేక మద్దెల ఓడన్నదట. నువ్వే తప్పుతున్నవేమో, సూస్కో," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచం దిగి, "సరే, నీ సొంత పాట పాడవే. మీ చర్చిల పాట. ఒక్కదానివే పాడు. ఎవరు తప్పుతున్నరో తేలిపోతది," అన్నాను.

పాపం, లేచి నిలబడి పాడింది. కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, శ్రద్ధగా పాడింది. ఆ పాట ఎక్కడా ఎక్కలేదు, ఎక్కడా దిగలేదు. గట్టు మీద నడిచేవాళ్ళు చేనులో కాలు పెట్టకుండా పోయినట్టు అలా పోయింది, అయిపోయింది. మేం ముఖాలు చూసుకున్నాం. టేక్మాల్ మనసు మంచిది, అది జాగ్రత్తగా అడిగింది.

"మంచిగనే ఉన్నది. కని, పాట యాడున్నదే?"

"ఇదే కదా పాట," అని అంటూనే అల్లాదుర్గ్ ఆగిపోయింది. కాసేపు ఆలోచించి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు అంది, "కాదు. ఇది నా పార్ట్. పాట అమ్మది."

అప్పుడు చెప్పుకొచ్చింది. వాళ్ళ చర్చిలో అందరూ ఒకే తీరుగా పాడరు. పాట వరస పట్టుకునేది మొదటి గొంతు. దాని కింద ఆనుకుని ఇంకో వరసలో నడిచేది రెండో గొంతు. దాన్ని ఆల్టో అంటారట. "ఆల్టో అంటే మా మామ కొన్న కారు కదనే," అంది టేక్మాల్. వాళ్ళింట్లో అమ్మది మొదటి గొంతు, ఈ పిల్లది రెండోది. మాటలు నేర్చినప్పటి నుంచీ అమ్మ పక్కన నిలబడి కింది వరసే పాడింది. ఏ పాట చెవిన పడినా దాని కింద చోటు వెతుక్కోవడం అలవాటైపోయింది. విడిగా ఒక్కతే పాడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అడిగినవాళ్ళూ లేరు. మొదటిసారి అడిగింది నేనే.

నేను నమ్మలేదు. కరెంటు వచ్చాక తన ఫోన్‌లో ఒక రికార్డింగ్ వినిపించింది. ఇంటి వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ తల్లీకూతుళ్ళు పాడుకున్న పాట. ఒలిచిన గింజలు గిన్నెలో పడే చప్పుడు కూడా వినబడుతోంది. తల్లి గొంతు పైన హాయిగా పోతోంది. దాని కింద మేం ఇందాక విన్న ఆ వింత వరస. ఇందాక అది ఎందుకూ పనికిరానిదిగా తోచింది. ఇప్పుడు అది లేకపోతే పై పాట నిలబడేది కాదనిపించింది. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. "ఇంకోపారి పెట్టు," అన్నాను. మళ్ళీ పెట్టింది. ఆ సాయంత్రం ప్లగ్గు కోసం ఎవరం కొట్లాడుకోలేదు, దాని ఫోన్‌కే వదిలేశాం.

ఆ తర్వాత మా గది గదిలా లేదు. కాలేజీ నుంచి వచ్చి, బట్టలు ఉతుక్కుని, టీ తాగి, ముగ్గురం మొదలుపెట్టేవాళ్ళం. నేను పాట, అల్లాదుర్గ్ కింద, టేక్మాల్ ప్యాడు మీద. సినిమా పాటలు, బతుకమ్మ పాటలు, టేక్మాల్ వాళ్ళ నాట్ల పాటలు. ఉయ్యాల పాటకు రెండో గొంతు పడితే ఎలా ఉంటుందో మెదక్ జిల్లా మొత్తంలో మా గదివాళ్ళకే తెలుసు. నేను అంతవరకు పాడటం అంటే గెలవడం అనుకునేదాన్ని. పక్కన ఒక మనిషి తోడుగా నడుస్తుంటే పాడటం ఎంత సుఖమో ఆ పిల్లవల్లే తెలిసింది. అందుకు నేను బతికినంతకాలం ఆమెకు రుణపడి ఉంటాను.

రెండో ఏడాది దసరా సెలవుల తర్వాత అల్లాదుర్గ్ ఆలస్యంగా వచ్చింది. సంచి మంచం మీద పెట్టి అలాగే కూర్చుండిపోయింది. టేక్మాల్ దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేయగానే ఏడుపు బయటపడింది.

"అమ్మ గొంతుల గడ్డ అయిందే. హైదరాబాద్ దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. పానం మంచిగనే ఉన్నది. కని పాట పోయింది."

"పోవుడేందే? మెల్లగ వస్తది తీయ్," అన్నాను.

"మాట వస్తది, పై గొంతు ఇగ రాదన్నడు డాక్టరు."

ఎన్నో ఏళ్ళుగా ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకున్న మనిషి ఇప్పుడు ఆఖరి వరుసలో తలుపు దగ్గర కూర్చుంటోందట. నోరు తెరవదట. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతుందట. పాట ఎత్తుకునే మనిషి లేక రెండు ఆదివారాలు జనం తలా ఒక వరసలో పాడారు. దాంతో సంఘం పెద్దలు ట్రాక్ పెడదామన్నారు. పెన్‌డ్రైవ్ పెడితే స్పీకరు డబ్బాలోంచి పాట వస్తుంది, దానితో పాటు అందరూ పాడుకోవచ్చు.

"మంచిదే కదనే," అన్నాను. నా బుద్ధి అంతవరకే.

"అమ్మ లేచి నిలవడ్డది. గా గొంతుతోనే చెప్పింది. ట్రాక్ వద్దు, కోత పండుగకు నా బిడ్డ ఎత్తుకుంటది, అన్నది. పెద్దమనుషులు సరే సూద్దమన్నరు. డబ్బ పెట్టిన్రంటే అమ్మ ఇగ చర్చికి పోదు. ఇంట్లనే కూసుంటది. నాకు ఎర్కే." చున్నీతో ముఖం తుడుచుకుంది. "నాకు పాట రాదే నర్సాపూర్. నాకు దాని కిందిదే వస్తది."

కోత పండుగ అంటే పంట ఇంటికి వచ్చాక చర్చిలో చేసుకునే పండుగ. వరి కోతలు అప్పటికే మొదలయ్యాయి. కొద్ది వారాలే ఉంది.

నాకు ఇదేం పెద్ద సంగతి అనిపించలేదు. పుట్టినప్పటి నుంచి విన్న పాట, విన్నట్టు పాడటానికేం రోగం? కూర్చోబెట్టి పాడించాను. మొదటి పంక్తి చక్కగా ఎత్తుకునేది. రెండోది పరవాలేదు. మూడో పంక్తికి వచ్చేసరికి కింది వరసలోకి జారిపోయేది. పొద్దుగూకాక ఆవు మన మాట వింటుందా, తన కొట్టం దిక్కే పోతుంది. అలాగే పోయేది. "ఆగు!" అని అరిచేదాన్ని. బెదిరిపోయి మళ్ళీ మొదలుపెట్టేది. మళ్ళీ అక్కడే జారేది.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ముందు ఆ పాట నేనే నేర్చుకుని, పక్కన నిలబడి గట్టిగా పాడితే నన్ను పట్టుకుని పైకి వస్తుంది కదా! మెదక్‌లో ఉన్నన్నాళ్ళూ క్రిస్మస్‌కి పెద్ద చర్చి చూడ్డానికి పోయి, బయట మిర్చి బజ్జీలు తిని రావడమే తప్ప నాకు ఆ పాటల సంగతేం తెలుసు? అయినా ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని, అనపకాయల చప్పుడులోంచి వాళ్ళమ్మ వరస ఏరుకుని ఏరుకుని నేర్చుకున్నాను. నేర్చుకుని, దాని కుడి చెవి పక్కన నిలబడి, నా గొంతంతా పెట్టి పాడాను.

అంతకుముందు మూడో పంక్తి దాకా వచ్చే పిల్ల ఇప్పుడు మొదటి మాటకే కిందికి పోయింది. నేను ఇంకా గట్టిగా పాడాను. అది ఇంకా హాయిగా కిందే ఉండిపోయింది. తలగడ తీసి విసిరాను. అది తగిలి నీళ్ళ సీసా గోడకు కొట్టుకుని పగిలింది. నా వెనుకంజ వేయని గుణం ఉంది చూశారూ, అది మంచిదే గానీ బుర్ర కూడా తోడుండాలి.

పక్క గదిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు వెళ్ళి చెప్పారు. వార్డెన్ ఆంటీ మెట్లెక్కి వచ్చింది. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందంటే ఎంతటివాళ్ళకైనా గొంతు ఎండిపోవాల్సిందే.

"ఏం లొల్లే ఇది? వారం సంది వింటున్న. పాడిందే పాడుడు, పాచిపండ్ల దాసరి లెక్క! గా పిల్లలు సదువుకోవద్దా?"

నేను ఎదురు చెప్పబోయాను. టేక్మాల్ నన్ను వెనక్కి లాగి, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. వార్డెన్ ఆంటీ అల్లాదుర్గ్ ముఖంలోకి చూసింది. నడుము మీది చెయ్యి తీసింది.

"మీ అమ్మకు ఇప్పుడు ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్నది ఆంటీ."

"సరే. సాయంత్రం నేను కింద చట్నీకి మిక్సీ ఏస్త. గప్పుడు పాడుకోండ్రి. గా సప్పుడుల మీ సప్పుడు కలిసిపోతది. మిక్సీ ఆగిందంటే మీ నోర్లు గూడ ఆగాలె, చెప్తున్న."

ఇరుకు మెట్ల దారి గుండా ఆ మిక్సీ మోత మా గదిలోకి గుయ్యిమని వచ్చేది. మేం పాడేవాళ్ళం. వింత ఏమిటంటే, రోజురోజుకీ మిక్సీ ఎక్కువసేపు తిరగడం మొదలైంది. ఆ నెలలో మా హాస్టల్ పల్లీ చట్నీ వెన్నలా ఉండేది. కారణం మా ముగ్గురికీ, ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె చల్లగా ఉండాలి.

చట్నీ బాగుపడింది గానీ పాట బాగుపడలేదు. ఒకనాడు నేను పాడి పాడి గొంతు బొంగురుపోయి మంచం మీద కూలబడ్డాను. అప్పటిదాకా ప్యాడు మీద దరువు వేయడం తప్ప ఏ సలహా ఇవ్వని టేక్మాల్ నోరు తెరిచింది.

"నర్సాపూర్, నువ్వు జర నోరు మూసుకుంటవా?"

"ఏందే?"

"నువ్వు పాడినంతసేపు అది పాడదు. నువ్వు పక్కన పాడుతుంటే దానికి నువ్వే వాళ్ళ అమ్మవు. అమ్మ పైన ఉంటే బిడ్డ కిందనే ఉంటది కదా."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"మా నాట్లల్ల ఎట్ల పాడుతరో ఎర్కేనా? ఎత్తుకునేది ఒక్కతే ఒక వరస పాడుతది. గప్పుడు ఎవ్వరు పాడరు. ఆమె ఆగినంక మేమందరం గదే వరస తిప్పి పాడుతం. ఎత్తుకునేదానికి పక్కపొంటి ఎవ్వరు ఉండరు. ఆనుకునేతందుకు ఏం లేకుంటే తప్పదు, నిలవడ్తది."

అల్లాదుర్గ్ భయంగా చూసింది. కింద మిక్సీ తిరుగుతూనే ఉంది. టేక్మాల్ ప్యాడు ఒళ్ళో పెట్టుకుని, "పాడు," అంది. అల్లాదుర్గ్ ఒక పంక్తి పాడింది. ఆగింది. మేమిద్దరం అదే పంక్తిని తిప్పి పాడాం. మేం ఆపాక రెండోది పాడింది. తిప్పాం. మూడో పంక్తి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. జారలేదు. జారడానికి అక్కడ ఎవరి గొంతూ లేదు. నాలుగోది పాడేటప్పటికి తనే ఆశ్చర్యపోయి కళ్ళు తెరిచింది. నేను లేచి ఇద్దరినీ పట్టుకుని గిరగిరా తిప్పాను. టేక్మాల్ సంబరం ఆపుకోలేక తీన్మార్ వాయించింది. కింది నుంచి వార్డెన్ ఆంటీ కేకేసింది, "అది ప్రార్థననా, పెండ్లి బారాతానే?"

కోత పండుగ ఆదివారం పొద్దున్నే ముగ్గురం బస్సెక్కి అల్లాదుర్గ్ ఊరికి పోయాం. టేక్మాల్ ఇంటి నుంచి తెప్పించిన పెరటి సొరకాయ ఒకటి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. వాళ్ళింట్లో తల్లి మాకు ఎదురొచ్చింది. కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. "రాండ్రి బిడ్డా, తినుండ్రి," అంది. ఆ గొంతు బొంగురుగా, గీరుకుంటూ వచ్చింది. రికార్డింగులో నేను ఏరుకున్న ఆ వరస ఇదే మనిషిదంటే నమ్మలేం. ఆమె ఉప్మా పెట్టింది, టీ ఇచ్చింది, కూతురి జడ తనే వేసింది. పాట గురించి ఒక్క మాట అడగలేదు.

చర్చి రేకుల కప్పు ఉన్న చిన్నది. ముందు భాగంలో వరి కట్టలు, గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ప్రార్థన మధ్యలో ఒక కోడి కూసింది, ఎవరూ పట్టించుకోలేదు. పక్కన స్టూలు మీద స్పీకరు డబ్బా పెట్టి ఉంది. ఒక పెద్దమనిషి దాని పక్కనే నిలబడ్డాడు. ఎందుకైనా మంచిదని వైరు కూడా పెట్టి ఉంచారు. తల్లి ఆఖరి వరుసలో తలుపు దగ్గర కూర్చుంది. మేమిద్దరం ఆమెకు కొంచెం ముందు చాప మీద కూర్చున్నాం.

అల్లాదుర్గ్ ముందుకు పోయి నిలబడింది. మొదటి పంక్తి ఒక్కతే పాడింది. మేమిద్దరం తిప్పి పాడాం. జనం ఇటు తిరిగి చూశారు. రెండో పంక్తికి ఇంకో పదిమంది మాతో కలిశారు. ఊరంతా నాట్లు వేసినవాళ్ళే, ఆ పద్ధతి వాళ్ళకు ఒకరు చెప్పాలా? మొదటి చరణం అయ్యేసరికి చర్చి మొత్తం తిప్పి పాడుతోంది. నాకు ఆనందం పట్టలేదు. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. ఇల్లలకగానే పండుగ అవుతుందా?

రెండో చరణంలో జనానికి హుషారు ఎక్కువైంది. పాట వాళ్ళకు తెలిసిందే కదా. ఆ పిల్ల పాడి ఆగేదాకా ఆగకుండా, దానితో పాటే అందుకున్నారు. చుట్టూ గొంతులు దొరికాయి. పిల్ల జారింది. మా కళ్ళముందే, ఒక్క మాట దగ్గరే, కింది వరసలోకి దిగిపోయింది. పైన పట్టుకునే మనిషి లేక జనం తడబడ్డారు. ముందు వరుసలో ఒకామె ఒక వైపు, మగవాళ్ళు ఇంకో వైపు. పాట చిందరవందర అయింది. అల్లాదుర్గ్‌కు తెలిసిపోయింది. ముఖం తెల్లబోయింది. పెద్దమనిషి చెయ్యి డబ్బా మీదికి పోయింది.

నేను నోరు తెరిచాను. నాకు ఆ వరస వచ్చు. నా గొంతు ఆ చర్చినంతా నింపగలదు. టేక్మాల్ నా తొడ మీద గట్టిగా గిచ్చింది. "నువ్వు ఎత్తుకుంటే అది ఇగ పైకి రాదు," అంది చెవిలో. నిజమే. మూసుకున్నాను. నా బతుకులో నేను చేసిన కష్టమైన పని ఏదంటే, ఆ క్షణంలో నోరు మూసుకుని కూర్చోవడమే.

అప్పుడు మా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. బొంగురుది, తక్కువది. వాళ్ళమ్మ లేచి నిలబడింది. కానీ ఆమె పాడుతున్నది పాట వరస కాదు. కింది వరస. అచ్చంగా, ఒక్క మెట్టు తప్పకుండా, కూతురి వరస.

అల్లాదుర్గ్ తలెత్తి తలుపు వైపు చూసింది. తను నిలబడే చోట ఇంకో మనిషి వచ్చి నిలబడింది. ఇక అక్కడ తనకు చోటు లేదు. ఊపిరి తీసుకుంది. పైకి పోయింది. మూడో పంక్తి అమ్మ ఎక్కడ ఎత్తుకునేదో అక్కడే ఎత్తుకుంది. జనం ఒక్కొక్కరే ఆ గొంతును పట్టుకున్నారు. చివరి చరణం దాకా తల్లి వెనక నుంచి, బిడ్డ ముందు నుంచి పాడారు. పెద్దమనిషి డబ్బా మీద నుంచి చెయ్యి తీసి తనూ పాడటం మొదలుపెట్టాడు. నేను ఏడ్చానా అంటే, ఏడ్చాను. టేక్మాల్ కూడా ఏడ్చింది గానీ ఒప్పుకోదు.

ఆరాధన అయ్యాక బయట కోళ్ళకు, గుమ్మడికాయలకు హరాజు పెట్టి వేలం వేశారు. మా సొరకాయను ఎవరో ముసలాయన పాడుకుని పట్టుకుపోయాడు. చెట్టు నీడలో అందరం అన్నాలకు కూర్చున్నాం. తల్లి మా ఎదురుగా కూర్చుని విస్తళ్ళలో కూర వడ్డిస్తోంది. అల్లాదుర్గ్ తినకుండా వాళ్ళమ్మనే చూస్తోంది. చివరికి అడిగింది.

"అమ్మా, నా పార్ట్ నీకెట్ల వచ్చే?"

తల్లి గరిటె గిన్నెలో పెట్టింది. ఆమెకు మాట్లాడటం కష్టమవుతోంది, అయినా మెల్లగా అంది.

"ఇన్నేండ్లు పక్కన నిలవడి విన్న కదనే. నువ్వు కింద ఉన్నవన్న ధైర్యంతోటే నేను పైకి పోయేదాన్ని. ఇప్పుడు నువ్వు పో బిడ్డా, నేను కింద ఉన్న."